ఒక్క వేలి మీద సిరా

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. "సార్, మీ సర్వీసులో బాగా భయపడింది ఎప్పుడు?" పొడిచే ఎద్దు గురించో, పిచ్చికుక్క కరిచిన గేదె గురించో చెబుతానని వాళ్ళ ఆశ. తల నెరిసేదాకా పశువైద్యశాఖలో పనిచేసినవాడు ఇంకేం చెబుతాడు! ఎద్దులు నన్ను పొడవకపోలేదు. కారేపల్లిలో ఒకటైతే నన్ను ముళ్ళకంచె మీదికి ఎత్తేసింది. నెల రోజులు బోర్లా పడుకున్నాను. కానీ నేను నిజంగా భయపడింది మాత్రం ఒక చిన్న సిరా సీసాను చూసి. ఓటేసే ముందు ఎడమచేతి వేలికి చుక్క పెడతారే, ఆ సిరా.

మాది ఎర్రుపాలెం. ఉద్యోగం కారేపల్లిలో మొదలై, టేకులపల్లి మీదుగా, మెల్లగా భద్రాచలం వైపు అడవి అంచుకు జరిగింది. బదిలీ అయిన ప్రతిసారీ ఇంకాస్త చెట్లు, ఇంకాస్త తక్కువ బస్సులు. నా మాట విని "సారుది ఆంధ్రనా?" అని అడిగేవాళ్ళు. ఆంధ్రా కాదు, దాని గోడ పక్క ఇల్లు అనేవాణ్ణి. అడవి ఊళ్ళలో నాకు పేరంటూ ఉండేది కాదు. గొడ్ల డాక్టరు, అంతే. నిజానికి నేను డాక్టర్ని కూడా కాదు, డాక్టరు కింద పనిచేసేవాణ్ణి. కానీ సూది చేతిలో ఉన్నవాణ్ణి ఎవరు కాదంటారు?

రిటైర్మెంటు దగ్గర పడిన ఏడాది పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. పశువులకు సూదులేసే చేతికి ప్రజాస్వామ్యాన్ని అప్పగిస్తూ ఆర్డరు వచ్చింది. ప్రిసైడింగ్ ఆఫీసరు. ఊరి పేరు చూసి మా ఆవిడ గ్యాస్ పొయ్యి ఆపేసి కుర్చీలో కూలబడింది. "ఈ వయసులో నీకెందుకు, నడుం నొప్పని రాసివ్వు" అంది. రాసిచ్చాను కూడా. నడుం నొప్పి లేనివాడు ఆ ఆఫీసులో నేను ఒక్కణ్ణే అన్నట్టు, నాకంటే ముందు అందరూ రాసిచ్చేశారు.

ఆ ఊరు రెండు వాగుల మధ్య ఉంటుంది. వానాకాలంలో వాగులు రెండూ పొంగితే దీవి అయిపోతుంది. అక్కడివాళ్ళు దాన్ని లంక అనే అంటారు. మిగతా కాలంలో నడిచి దాటొచ్చు గానీ, దాటాలనుకునేవాళ్ళే తక్కువ. అవతల అడవిలో, ఎన్నికలు బహిష్కరించమనే లోపలివాళ్ళు తుపాకులతో తిరుగుతారని అందరికీ తెలుసు. వాళ్ళను మేం అలాగే అనేవాళ్ళం, లోపలివాళ్ళు. అంతకు ముందు ఎన్నికల్లో పక్క గూడెంలో ఒక మనిషి ఓటేసి వచ్చాడని, సిరా ఉన్న వేలిని రాయి మీద పెట్టించి మరో రాయితో చితక్కొట్టారు. ఆ మనిషి ఆవుకు నేనే పురుడు పోశాను. తాడు పట్టుకోమంటే ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని కుడిచేత్తోనే పట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు, అప్పటికే విని ఉన్నాను.

ఇక పార్టీల సంగతి. పేర్లెందుకు, గుర్తులతో చెబుతాను. నాగలి పార్టీ, గొడుగు పార్టీ, గంట పార్టీ. ఆ ఊరు మొత్తం నాగలి. కారణం ఉంది. కొన్నేళ్ళ కింద వాళ్ళ పోడు భూములు అటవీశాఖవి అంటూ కందకాలు తవ్వడానికి యంత్రాలొచ్చినప్పుడు, నాగలివాళ్ళు వచ్చి చేలల్లో వీళ్ళతో పాటు బైఠాయించారు. మండలంలోని గొడుగు పెద్దమనిషి మాత్రం యంత్రం పక్కన నిలబడి ఎక్కడ తవ్వాలో చూపించాడు. ఆనాడే ఊరంతా తమ వేల్పు ముందు మాటనుకున్నారు. ఓటేస్తే నాగలికే, గొడుగు బొమ్మ మీద వేలు పెట్టేది లేదు.

ఈసారి ఏమైందంటే, నామినేషన్లకు కొంచెం ముందు నాగలి, గొడుగు పొత్తు పెట్టుకున్నాయి. మా సీటు గొడుగుకు పోయింది. ఖమ్మంలో రెండు జెండాలు ఒకే కర్రకు కట్టి ఊరేగించారు. నిన్నటిదాకా ఒకరినొకరు తిట్టుకున్న నోళ్ళు ఒకే మైకు పంచుకున్నాయి. మేం ఆఫీసులో కూర్చుని నవ్వుకున్నాం. ప్రచారం కారు ఒక్కటి కూడా ఆ వాగు దాటలేదన్న సంగతి అప్పుడు మాకెవరికీ తట్టలేదు. ఏ పార్టీవాడికీ అంత ధైర్యం లేదు, ఆ కొద్ది ఓట్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే అవసరమూ లేదు.

పోలింగు ముందురోజు మమ్మల్ని వాగు ఇవతల దించారు. అక్కణ్ణుంచి నడక. దారిలో మందుపాతర ఉండొచ్చని బాట మీద నడవనివ్వలేదు, బాట పక్క పొదల్లోంచి ఒకరి అడుగులో ఒకరం. నా జట్టులో ఓ లెక్కల మాస్టారు, ఓ ఆశ్రమ పాఠశాల వార్డెను, మిషను చూసుకునే ఓ క్లర్కు. మాకు కాపలాగా కేంద్రం నుంచి వచ్చిన జవాన్లు, వాళ్ళ మీద ఓ అధికారి. ఆ అధికారికి తెలుగు రాదు, నాకు హిందీ సంతలో బేరమాడేంత. లెక్కల మాస్టారు భయపడితే జోకులేసే రకం. "సార్, నా పాదం మీ పాదం కంటే పెద్దది, మీ అడుగులో నాది పట్టడం లేదు" అంటాడు. వార్డెను భయపడితే మాట్లాడని రకం. దారి పొడుగునా ఒక్కమాట లేదు. నేను ఏ రకమో నాకే తెలియదు.

బడి గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంది. ఓటు వేసిన వేలు మిగలదు. రంగు ఇంకా తడిగానే ఉంది. వార్డెను దాన్ని వేలితో తాకి చూశాడు, తర్వాత ఆ వేలిని ప్యాంటుకు రుద్దుకుంటూనే ఉన్నాడు. జవాన్లు దాని మీద సున్నం కొట్టారు. అయినా సున్నం కింద నుంచి ఎరుపు కనిపిస్తూనే ఉంది.

తెల్లారి మిషన్లు పెట్టి, నిబంధన ప్రకారం మాదిరి పోలింగు చేశాం. మిషను సరిగ్గా పనిచేస్తోందని చూపించడానికి పార్టీల ఏజెంట్ల ఎదుట మీటలన్నీ నొక్కి, లెక్క సరిచూసి, తుడిచేసి, అసలు పోలింగు మొదలు పెట్టాలి. ఏజెంట్లు ఎవరూ రాలేదు. మాకు మేమే నొక్కుకున్నాం. ఒక్కో మీటకు పొడుగ్గా బీప్ అని మోత. ఆ నిశ్శబ్దంలో అది ఊరి చివరిదాకా వినిపించి ఉంటుంది. అది మా కొంప మీదికి వస్తుందని నాకేం తెలుసు?

పోలింగు మొదలైంది. ఒక్కరూ రాలేదు.

మనుషులు ఊళ్ళో ఉన్నారో లేదో తెలుసుకోవడానికి నాకో పద్ధతి ఉంది. పశువుల్ని చూస్తాను. ఎండెక్కినా మేతకు తోలకుండా కట్టుకొయ్యల దగ్గరే ఉన్నాయంటే, ఇంట్లో మనిషి ఉన్నట్టే, భయపడి బయటికి రావడం లేదన్నట్టే. ఆ రోజు ఊళ్ళో పశువులన్నీ కట్టేసే ఉన్నాయి, ఆకలికి అరుస్తున్నాయి. దూరంగా ఇప్పచెట్ల కింద మగవాళ్ళు కొందరు గుంపుగా నిలబడి మావైపే చూస్తున్నారు. రావడం లేదు, పోవడం లేదు.

చాలాసేపటికి ఒక మనిషి కదిలింది. ఆడమనిషి. కొంగు నడుముకు దోపుకుని, నేరుగా బడి వైపే నడిచి వచ్చింది. దగ్గరికి రాగానే గుర్తుపట్టాను. ఊరి పెద్దకు అక్క. భర్త పోయాక తమ్ముడి ఇంటి పక్కనే గుడిసె వేసుకుని, కాస్తంత పోడు చేసుకుని బతుకుతోంది. ఆమె ఎద్దుకు కడుపుబ్బరం వస్తే ఓసారి నేనే నయం చేశాను. ఆ తర్వాత నేను ఎప్పుడు ఆ ఊరు పోయినా ఇప్పపువ్వో, ఎండు పుట్టగొడుగులో చేతిలో పెట్టేది.

"ఏంది సారూ, నువ్వేనా?" అంది లోపలికి వస్తూనే. "గొడ్ల డాక్టరు కూసున్నడంట అన్నరు. గట్లయితే భయమేందని నేనే ముందుగాల వచ్చిన. నేను ఎల్లొస్తే వాళ్ళూ వస్తరు."

లెక్కల మాస్టారు పేరు చూశాడు. ఆమె వేలిముద్ర వేసింది. వార్డెను సిరా పుల్ల తీశాడు. గోరు మీద పెట్టాల్సిన గీత కణుపు దాకా పారింది. ఆమె ఆ చేతిని ఊదుకుంటూ, అట్టపెట్టె చాటున పెట్టిన ఓటు మిషను దగ్గరికి వెళ్ళింది. క్లర్కు మీట నొక్కాడు, ఆయన ముందున్న మిషను మీద ఎర్ర లైటు వెలిగింది. లోపల ఆమె ఓటేస్తే బీప్ అని మోగి ఆ లైటు ఆరిపోవాలి.

మోగలేదు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"సారూ," అని చాటు నుంచే పిలిచింది. "నాగలి యాడుంది?"

"అక్కా, బొమ్మలన్నీ పైనుంచి కింది దాకా చూసుకో. నీ ఇష్టమొచ్చింది నొక్కు" అన్నాను.

"రెండుసార్లు జూసిన. గొడుగుంది, గంటుంది, ఇంకేందేందో ఉన్నయ్. నాగలి లేదు."

"అక్కడ ఉన్నవే ఉన్నట్టు అక్కా."

"గట్లంటవేంది? పోయినసారి ఉండె గద. ఎవలు తీసిండ్రు?"

నేను లోపలికి వెళ్ళకూడదు. వెళ్ళి ఆమె పక్కన నిలబడితే ఓటు రహస్యం పోయినట్టు. ఇక్కడి నుంచి చెబుదామా అంటే, నాగలి గొడుగుతో కలిసిందని చెప్పడమంటే గొడుగుకు వెయ్యమని నా నోటితో చెప్పినట్టే. ఆ కుర్చీలో కూర్చున్నవాడు అనకూడని మాట అది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఆమె బయటికి వచ్చేసింది. "మాటనుకున్నం సారూ. నాగలికి దప్ప నేను ఎయ్య. నేను ఓటెయ్యలే. గీ సుక్క తుడిచెయ్" అని వార్డెను ముందు చెయ్యి చాపింది.

"అది పోదమ్మా" అన్నాడు వార్డెను. రెండు రోజుల్లో అతను మాట్లాడిన మొదటి మాట అది.

"ఎన్నొద్దులుంటది?"

"గోరు పెరిగి పోయేదాకా."

ఆమె వేలి వంక చూసుకుంది. తర్వాత తలెత్తి తలుపులోంచి బయటికి చూసింది. ఖాళీ వాకిలి, దూరంగా నిలబడ్డ ఊరు.

"అయితే ఊర్ల నాదొక్కదేనా?" అంది.

అప్పటిదాకా నా భయమంతా నా గురించే. మందుపాతర, తూటా, సస్పెన్షను. ఆ ఒక్కమాటతో అది నా మీంచి లేచి ఆమె మీదికి పోయింది. పక్క గూడెం మనిషి వెనక్కి దాచుకున్న ఎడమచెయ్యి కళ్ళ ముందు మెదిలింది. ఓటు వెయ్యకుండానే ఓటేసిన వేలు ఆమెకు మిగిలింది. ఊరంతటికీ ఒక్కటే వేలు.

ఆమె బయటికి వెళ్ళి బడి మెట్ల మీద కూర్చుని, దొరికిన గులకరాయితో గోరు గీక్కోవడం మొదలుపెట్టింది. తమ్ముడు, ఊరి పెద్ద, పరుగున వచ్చాడు. వెనకే మగవాళ్ళందరూ. కోయ భాషలో ఆమెను ఏదో అడిగారు, ఆమె చెప్పింది. అంతే, వాకిలి నిండిపోయింది. అడవిలో బతికేవాళ్ళు కనుక అందరి భుజం మీదా గొడ్డళ్ళు ఎప్పుడూ ఉంటాయి. అవి నేను వందసార్లు చూసినవే. ఆ రోజు మాత్రం వాటి అంచులే కనిపించాయి. జవాన్లు తుపాకులు ఎత్తారు.

"మా నాగలిని తీసేసిండ్రు," అన్నాడు పెద్ద. "పొద్దుగాల ఎవలు లేనప్పుడు పీ పీ అని ఒత్తిండ్రు. ఊరంత విన్నది. గప్పుడే తీసిండ్రు."

మాదిరి పోలింగు మోత! ఏజెంట్లు లేకుండా మేం చేసిన పని. వాళ్ళ చోట నేనున్నా అదే అనుకునేవాణ్ణి. పిల్లలూ, మీరు ట్రైనింగులో నేర్చుకునే ప్రతి జాగ్రత్తా చూసేవాడు పక్కన ఉంటేనే జాగ్రత్త. చూసేవాడు లేకపోతే అదే దొంగతనంలా ఉంటుంది.

నేను లేచి వాకిట్లోకి వెళ్ళాను. ధైర్యం ఉండి కాదు, ఆ కుర్చీలో కూర్చున్నది నేనే గనుక. జవాన్ల అధికారితో "సాబ్, నీచే, బందూక్ నీచే" అన్నాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు గానీ, కొంచెం దించమని సైగ చేశాడు.

"పెద్దా, మిషన్లోంచి మేం ఏదీ తీయలేదు. ఈసారి నాగలి ఇక్కడ నిలబడలేదు" అన్నాను.

"ఎందుకు నిలబడలే?"

"అది నేను చెప్పకూడదు."

"చెప్పగూడదా, తెల్వదా?"

"తెలుసు. చెప్పకూడదు."

వెనకనుంచి లెక్కల మాస్టారు గుసగుసగా "చెప్పేయండి సార్, ప్రాణం కంటే రూలు ఎక్కువా" అన్నాడు. చెబితే ఏమవుతుందో నేను ఊహించుకుంటున్నాను. గొడుగు అన్న మాట నా నోట వస్తే, ఆ కందకాలు తవ్వించినవాడి మనిషినవుతాను. అప్పుడు తూటాలు ముందా, గొడ్డళ్ళు ముందా?

నన్ను కాపాడింది గుంపులో ఒక కూలీ మనిషి. మిరపకాయలు కోయడానికి ఖమ్మం వైపు పోయి, రెండు రోజుల ముందే తిరిగొచ్చాడట. ఎవరి మొహమూ చూడకుండా, నేల చూస్తూ అన్నాడు. "అవ్. నాగలోళ్ళు గొడుగోళ్ళతోటి కలిసిండ్రు. రెండు జెండాలు ఒక్క కట్టెకు గట్టిండ్రు. నేను జూసిన. మీకు చెప్ప బుద్ధిగాలే."

ఇంట్లో చావు కబురు విన్నట్టు అందరూ నిలబడిపోయారు. పెద్ద భుజం మీది గొడ్డలి దించి నేలకానించాడు. "మా చేన్ల మాతోటి కూసున్నరు," అన్నాడు. "మా అంబలి తాగిండ్రు." అందరూ ఇప్పచెట్ల వైపు వెళ్ళిపోయారు.

నైరుతి మూలన మబ్బు కమ్ముకుంటోంది. అధికారి ఆకాశం చూపించి, నాకు అర్థమయ్యే హిందీలో, వాన పడితే వాగు పొంగుతుంది, ఈ రాత్రి ఇక్కడ చిక్కుకుంటే మనలో ఎవరికీ తెల్లారదు, ఓట్లు ఎలాగూ లేవు, సర్దుకోండి అన్నాడు. ముగింపు టైముకు ముందు కదలడానికి వీల్లేదన్నాను. అది రూలు. కానీ రూలు కోసం అన్నానని చెబితే అబద్ధం. మెట్ల మీద ఆమె ఇంకా గోరు గీక్కుంటోంది. గోటి పక్క చర్మం లేచి రక్తం వస్తోంది, సిరా మాత్రం అలాగే ఉంది. ఆమెను అలా వదిలి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు, ఉండి చేయగలిగిందీ లేదు.

"అక్కా, మాతో వచ్చెయ్యి. కొన్నాళ్ళు మా ఇంట్లో ఉందువు గాని" అన్నాను.

"నా ఎద్దులనెవలు జూస్తరు?" అంది. తర్వాత చిన్నగా, "నాకు భయమైతుంది సారూ" అంది.

నాకూ అవుతోందని చెప్పాను.

క్లర్కు ముందు ఆ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఆమె నొక్కకుండా వదిలేసిన ఓటు కోసం మిషను ఎదురుచూస్తోంది.

పెద్ద ఒక్కడే తిరిగి వచ్చాడు. "సారూ, ఓటెయ్యకుంట సుక్క పెడ్తరా?" అని అడిగాడు.

"పెట్టం. ఓటుకని వస్తేనే."

"ఎవలికి ఏసినమో తెలుస్తదా?"

"ఎవరికీ తెలియదు. నాకు కూడా."

"ఎవలొద్దనే మీట గూడ ఉంటదంట?"

"ఉంటుంది. అన్నిటికన్నా కింద. దానికి ఏ పార్టీ లేదు." ఇది చెప్పొచ్చు. ఇది చెప్పడం నా పని.

ఆయన తలూపి అక్క వైపు చూశాడు. "మా దగ్గర మామిడికాయ కొత్త చేస్తం గద సారూ, నీకెరికే. కొత్త చెయ్యకముందు ఎవలూ కాయ తినొద్దు. ఒక్కరు తింటే తప్పు. అందరం కూడి తింటే పండుగ. ఎవలన్న తెల్వక ముందుగాల తిన్నరనుకో, గా ఒక్కర్ని బయటపెట్టం. గాయేల్నే ఊరంత కొత్త తింటం. ఇగ తప్పు లేదు." చెయ్యి చాపాడు. "పెట్టు."

వార్డెను సిరా పెట్టాడు. ఈసారి గీత గోరు దాటలేదు. పెద్ద చాటుకు వెళ్ళాడు. అక్క వెయ్యకుండా వదిలేసిన ఆ ఓటే ఆయన వేశాడు. బీప్ అని మోగి, పొద్దుటి నుంచి వెలుగుతున్న లైటు ఆరిపోయింది.

తర్వాత ఊరు వచ్చింది. ఇప్పచెట్ల కిందివాళ్ళు, ఇళ్ళలోంచి ఆడవాళ్ళు, పసిబిడ్డల్ని చంకనెత్తుకున్న బాలింతలు. కళ్ళు కనపడని ఒక ముసలాయనను మంచం మీద మోసుకొచ్చారు. ఒక్కొక్కరి వేళ్ళు నాకు ఎదురుగా చాపి ఉన్నాయి. ఏమవుతుందో తెలియక కాదు వాళ్ళు వచ్చింది. తెలిసే వచ్చారు. బీప్, బీప్ అని మోగుతుంటే లెక్కల మాస్టారు పేర్లు చూడలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వాళ్ళు ఏ మీట నొక్కారో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

అక్క మాత్రం మళ్ళీ లోపలికి రాలేదు. "నాకు పట్టింది చాలు" అంది. ఆమె ఓటు వేయడానికి నిరాకరించిందని రిజిస్టరులో రాశాను. ఎందుకు అన్నదానికి అక్కడ జాగా లేదు.

మిషన్లకు సీళ్ళు వేసి బయల్దేరేసరికి గాలి లేచింది. వాగులో నీళ్ళు మోకాలు దాటుతున్నాయి. మధ్యలో ఉండగా ఒక్కసారిగా ఢామ్మని పేలింది. పై ప్రాణాలు పైనే పోయాయి. అందరం నీళ్ళలోనే బోర్లా పడ్డాం, క్లర్కు మాత్రం మిషనును నెత్తి మీదికెత్తి మోకాళ్ళ మీద నిలబడ్డాడు. అది ఉరుము. లెక్కల మాస్టారు నీళ్ళు ఉమ్ముకుంటూ "సార్, మెమో ఎవరికివ్వాలి, ఇంద్రుడికా?" అన్నాడు. నవ్వామో ఏడ్చామో చెప్పలేను. ఇంటికి పోయాక మా ఆవిడ అన్నం పెడితే, ముద్ద నోటిదాకా వెళ్ళేసరికి నా వేళ్ళు చూసుకుంటూ ఉండిపోయాను.

ఆ తర్వాత రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. ఫోను మోగితే ఆ ఊరి కబురేమోనని. కబురు రాలేదు. ఫలితాలొచ్చాయి, గొడుగు గెలిచింది. గెలిచిన కొద్ది రోజులకే మంత్రి పదవుల దగ్గర పేచీ వచ్చి నాగలి బయటికొచ్చి గంటతో కలిసింది. టీవీల్లో ఒకటే గోల.

తొలకరి ముందు పశువులకు గొంతువాపు టీకాలు వేస్తారు. నా సర్వీసులో చివరి టీకాలవి. ఆ ఊరి పేరు వచ్చినప్పుడు వేరేవాణ్ణి పంపుతామన్నారు. నేనే వెళ్ళాను.

అక్క గుడిసె ముందు ఎద్దును పట్టుకుని నిలబడి ఉంది. నేను మొదట చూసింది ఆమె మొహాన్ని కాదు, ఎడమచేతిని. వేళ్ళన్నీ ఉన్నాయి. నా ప్రాణం లేచి వచ్చింది.

"వచ్చారా అక్కా వాళ్ళు?" అని అడిగాను.

"వచ్చిండ్రు. ఎవలేసిండ్రో చేతులు సాపమన్నరు. అందరం సాపినం. ముసలోళ్ళు, బాలెంతలు, అందరం. గుడ్డి తాతను గూడ మంచం మీద తెచ్చి కూసోబెట్టినం. ఎవని వేలు మొదలువెడ్తరు? సూసి సూసి, ఇంకోపారి గిట్ల చెయ్యొద్దని బెదిరిచ్చి పోయిండ్రు. గా రాత్రి నాకు జరమొచ్చింది సారూ, మూడొద్దులు లేవలే." ఎద్దు మెడ నిమిరింది. "మా నాగలోళ్ళు బాగున్నరా?"

చెప్పాను. ఇప్పుడు చెప్పడానికి అడ్డేం లేదు. గొడుగును వదిలేశారు, గంటతో కలిశారు.

ఆమె వేలు పైకెత్తి చూసుకుంది. గోరు సగం పెరిగింది, పై సగంలో సిరా ఇంకా నల్లగా ఉంది. "గిది ఇంక పోనేలే, వాళ్ళు గప్పుడే ఇడిపోయిండ్రా!" అంది.

నా సంచిలో మేకల గిట్టలు కత్తిరించే కత్తెర ఉంటుంది. తీసి, "ఆ సగం గోరు కత్తిరిస్తాను అక్కా, పీడా పోతుంది" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దు. ఊర్ల అందరియి పోనీ. ముందుగాల నాకే వెట్టిండ్రు గద, ఆఖరుకు నేనే తీసుకుంట."

కత్తెర సంచిలో పెట్టేశాను. ఆమె ఎద్దు కొమ్ములు పట్టుకుంది, నేను సూది వేశాను.